వసపిట్ట కాగితం పువ్వు

ఆ సిస్టర్ల బడిలో ఏడాదికి ఎన్ని పండుగలని అడిగితే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళు. తమ వేళ్ళు చాలక పక్కపిల్ల వేళ్ళు లాక్కునేవాళ్ళు. అవీ చాలకపోతే బూట్లు విప్పేవాళ్ళు.

పెద్ద సిస్టరు ఏ పునీతురాలి పేరు పెట్టుకుందో ఆ పునీతురాలి పండుగ నాడు ఆఖరి పీరియడు ఉండదు. అందుకని ఆ పునీతురాలంటే బడి మొత్తానికి అంతులేని భక్తి. ఆవిడ ఏం చేసి పునీతురాలైందో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఇంకో రోజున పిల్లలు బల్లల ముందు దర్జాగా కూర్చుంటే టీచర్లు వడ్డన చేసేవాళ్ళు. ఆ ఒక్కపూటా లెక్కల టీచరును పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం... చాలు చాలు, ఒలకబోస్తున్నారు, చూసుకోవద్దూ?" అని గదమాయించే హక్కు ఆరో తరగతి పిల్లకు కూడా ఉండేది. సకల పునీతుల పండుగకు చిన్న తరగతుల వాళ్ళు పునీతుల వేషాలు కట్టి వరండాలో ఊరేగాలి. ఒక ఏడాది తల్లులందరికీ ఒకే ఉపాయం తట్టి తలా ఒక తెల్లదుప్పటి నెత్తిన కప్పి పంపితే, ఒకే పునీతురాలు పదకొండుమందిగా వచ్చింది. పన్నెండో పిల్ల గొర్రెపిల్లగా వచ్చింది. వాళ్ళింట్లో ఉన్నది ఉన్నిదుప్పటి మరి.

ఇవన్నీ ఒక ఎత్తు, మరియమాత పండుగ ఒక ఎత్తు. అది బడి సొంత పండుగ. ఆ రోజు చర్చిలో, బిషప్పుగారి ఎదుట, తల్లులూ తండ్రులూ చూస్తుండగా, పదో తరగతి పిల్ల ఒకతి ముక్కాలిపీట ఎక్కి మరియమాత విగ్రహానికి పూలకిరీటం పెడుతుంది. ఒక్క పిల్లే. ఆ ఒక్కతీ ఎవరన్నది మార్కులు తేల్చవు, అందం తేల్చదు. ముందురోజు తేలుస్తుంది. ఆ ముందురోజు పేరు మౌనదినం.

మౌనదినాన పొద్దున ఎనిమిది గంట మోగినప్పటి నుంచి సాయంత్రం ఆరు గంట మోగేదాకా బడిలో ఎవరూ పెదవి విప్పకూడదు. ప్రార్థన చేయవచ్చు, భక్తి పాట పాడవచ్చు. అంతకుమించి ఎవరు ఏమడిగినా, నెత్తిన పిడుగు పడినా మాట రాకూడదు. చీటీ రాసినా మాట కిందే లెక్క. పనులు నడవాలి కాబట్టి పెద్ద సిస్టరు ఒక్కరికే పలకా సుద్దముక్కా ఉండేవి. పొద్దున్నే అందరి భుజానా తెల్లకాగితం పువ్వొకటి గుచ్చేవాళ్ళు, సిస్టర్లకూ సహా. నోరు జారిన వాళ్ళ పువ్వు పీకి, మరియమాత పాదాల దగ్గరి బిస్కెట్ల డబ్బాలో వేసేవాళ్ళు. సాయంత్రానికి పదో తరగతిలో ఎవరి పువ్వు నిలిస్తే వాళ్ళదే కిరీటం. ఇద్దరు ముగ్గురికి నిలిస్తే చీటీలు తీస్తారు.

ఇలాంటి బడిలో, ఇలాంటి ఆనవాయితీ మధ్యలో, మన వసపిట్ట పదో తరగతికి వచ్చింది.

వసపిట్ట అని దానికి పేరు పెట్టినవాళ్ళెవరో తెలియదు గాని, ఇంటా బడిలోనూ ఆ పేరే. దాని మౌనదినాల చరిత్ర బడిలో చిన్నపిల్లలకు కథగా చెప్పుకునేవాళ్ళు. ఆరో తరగతిలో గంట మోత గాలిలో ఉండగానే "అబ్బ, అప్పుడే కొట్టేశారే!" అంది. ఏడులో నోట్లో చాక్లెట్టు అడ్డం పెట్టుకుని పదిన్నర దాకా నెట్టుకొచ్చి, అది నిమ్మకాయ రుచి కాదని పక్కపిల్లకు ఫిర్యాదు చేసింది. ఎనిమిదిలో మూతికి చేతిరుమాలు కట్టుకుంది. ఎందుకు కట్టుకున్నావని ఎవరో సైగ చేస్తే, రుమాలు విప్పి మరీ వివరించింది. పోయిన ఏడాది మధ్యాహ్నం దాకా గెలిచి, గెలిచానన్న ధీమాతో కునుకు తీసి, కలలో మాట్లాడింది. కలవరింతను మాట కింద కట్టాలా వద్దా అని సిస్టర్లు సైగలతో అరగంట వాదించుకున్నారట. ఈలోపు వసపిట్ట లేచి "ఏమైందేమైంది?" అని అడిగి వాళ్ళకు శ్రమ తప్పించింది.

దానికి ఇంత నోరు ఊరికే రాలేదు. ఇంట్లో అమ్మమ్మ ఉంది. ఆవిడ చెవులు రెండూ ఎన్నడో తలుపులు బిగించుకున్నాయి. వసపిట్ట తల్లి ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. పగలంతా నోట్లో గుండుసూదులు ఉంటాయి కనుక ఆవిడ మాట్లాడేదే తక్కువ. ఇక అమ్మమ్మకు లోకం సంగతులు చేరవేసేది ఎవరు? మూడేళ్ళ వయసు నుంచీ ఆ ఉద్యోగం వసపిట్టదే. తలుపు తట్టిందెవరు, వానొస్తోందా, పక్కింట్లో పగిలింది గిన్నా గ్లాసా, అన్నీ అమ్మమ్మ చెవిలో అరిచి చెప్పాలి. అలా అరిచి అరిచి గొంతు పెరిగింది, చెప్పి చెప్పి నోటికి అలవాటైంది.

ఆ ఏడు పాటల బృందంలో ముందు వరసలో నిలబడతానని వసపిట్ట అంటే అమ్మమ్మ కొట్టిపారేసింది.

"పాడితే నాకేం తెలుస్తుందే? నోరు తెరుస్తావు, మూస్తావు. గాజుతొట్టిలో చేప కూడా చేస్తుంది ఆ పని."

"చప్పట్లు కొడతారు అమ్మమ్మా! అందరూ!"

"అదీ వినపడదు. కిరీటం పెట్టవే పిట్టా. అదైతే కనపడుతుంది. నా కళ్ళింకా నా మాట వింటున్నాయి."

"కిరీటమా! రోజంతా నోరు మూసుకోవాలి!"

"ఆఁ?"

"నోరూ! మూసుకోవాలీ!"

అమ్మమ్మకు నవ్వాగలేదు. "పోనీలే, అయ్యే పని చెప్పు" అని మనవరాలి జడ సవరించింది. ఆ "పోనీలే" వసపిట్ట గుండెలో ముల్లులా దిగబడింది. బడిలో అయిదేళ్ళ చదువులో అమ్మమ్మకు తాను చూపించగలిగింది ఏముంది? పాటలు, పద్యాలు, ఉపన్యాసాలు. అన్నీ చేప పనులే. ఇదే ఆఖరి ఏడు.

"అమ్మా, మాట రాకుండా ఏం చెయ్యాలే?" అని తల్లినడిగింది.

తల్లి మిషను ఆపకుండానే పళ్ళ సందునుంచి చెప్పింది. "గుండుసూదులు పెట్టుకో నోట్లో. ఆరు చాలు."

మౌనదినం వచ్చింది. ఎనిమిది గంట మోగింది. బడి మొత్తం వసపిట్ట వైపు చూసింది. వసపిట్ట గంట వైపు చూసింది. మోత ఆగింది, గాలిలో గుయ్యిమన్న చప్పుడూ ఆగింది. నోరు మూసే ఉంది! నాలుగువందలమంది ఒక్కసారి ఊపిరి వదిలితే అటెండెన్సు రిజిస్టరులో పేజీలు తిరిగాయి.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది క్లాసు లీడరు. మాట్లాడిన వాళ్ళ పేర్లు రాసే నోటుబుక్కు లీడరు దగ్గరుంటుంది. నున్నగా దువ్వి, రెండు జడలూ కొలిచి కట్టినట్టుండే పిల్ల. చెడ్డది కాదు, అబద్ధం రాయదు, ఉన్నది వదిలిపెట్టదు. వాళ్ళ పెద్దక్క కిరీటం పెట్టింది, చిన్నక్క పెట్టింది. ఇంట్లో గోడ మీద రెండు ఫోటోలు, వాటి పక్కన ఖాళీ మేకు ఒకటి. ఆ మేకు రోజూ తనవైపే చూస్తుంటుందని లీడరుకు అనుమానం.

ఆ పొద్దు పదో తరగతిలో నలభై పువ్వులు. పదకొండు గంటలకు భూగోళం పటం మీంచి బల్లి జారి ముందు బల్ల మీద పడింది. ఒక్క దెబ్బకు పదిహేడు పువ్వులు రాలిపోయాయి. ఉత్త కేక మాట కాదు, "అమ్మో" మాట. లీడరు వ్యాకరణంలో గట్టిది. వసపిట్ట మాత్రం బల్లెక్కి నిలబడి, అక్షరం తగలని కేక ఒకటి పెట్టి బతికిపోయింది. భోజనాల దగ్గర "ఉప్పు" అని ఇద్దరు, "ఎవరు తొక్కింది?" అని ముగ్గురు, "నేను కాదు" అని మరో ముగ్గురు పోయారు. మధ్యాహ్నం కుట్టుపని పీరియడులో సూది గుచ్చుకున్నవాళ్ళూ, వాళ్ళను చూసి నవ్వు పట్టలేక "ఆపవే" అన్నవాళ్ళూ పోయారు. మూడున్నరకు చూస్తే పదో తరగతిలో రెండే పువ్వులు. ఒకటి లీడరు భుజాన. రెండోది వసపిట్ట భుజాన!

వసపిట్ట కడుపులో మాటలు అన్నం కుండలా కుతకుతలాడుతున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. జడ కొస నోట్లో పెట్టి నములుతోంది. లీడరు నోటుబుక్కు పట్టుకుని నీడలా వెంట తిరుగుతోంది. ఇంకా రెండున్నర గంటలు.

అసలు గొడవ మధ్యాహ్నం మొదలైంది, చర్చిలో.

ఏటా మౌనదినాన సాయంత్రం అయిదింటికి బిషప్పుగారు వచ్చి పిల్లలతో ప్రార్థన చేస్తారు, రాత్రికి అక్కడే ఉండి మర్నాడు పండుగ జరిపిస్తారు. ఆయన కూర్చోవడానికి చర్చిలో చెక్కపని చేసిన పెద్ద కుర్చీ ఒకటుంది. దాన్ని పీఠమనేవాళ్ళు. అది వెలిసిపోయిందని పెద్ద సిస్టరు వార్నిషు పూయడానికి రంగుల మేస్త్రిని రమ్మంది. ఆయన రావలసింది ముందురోజు. వచ్చింది మౌనదినాన పన్నెండింటికి.

రంగుల మేస్త్రి మర్యాదస్తుడు. గేటు దగ్గరే సంగతి గ్రహించి, ఈ నియమం తనకూ వర్తిస్తుందనుకుని తనూ నోరు కట్టేసుకున్నాడు. పెద్ద సిస్టరు పలక మీద ఏదో రాసి చూపిస్తే, చదువు రాదని చెయ్యి తిప్పాడు. ఆవిడ పలక దించి, కుర్చీ చూపించి, అయిదు వేళ్ళు చూపించింది. అయిదింటికల్లా ఆరిపోయి సిద్ధంగా ఉండాలని ఆవిడ ఉద్దేశం. మేస్త్రి కుంచె తీసి గాలిలో పూత పూసినట్టు ఊపి, అయిదు వేళ్ళు చూపించాడు. అయిదు పూతలా అని ఆయన సందేహం. పెద్ద సిస్టరు సంతోషంగా తలూపింది. పాత కుర్చీకి రెండు పూతలు చాలునని మేస్త్రికి తెలుసు. కానీ బిషప్పుగారి పీఠం కదా, వాళ్ళ భక్తి వాళ్ళది అనుకున్నాడు. పూత మీద పూత, కింది పూత ఆరీ ఆరకముందే పై పూత, బొత్తిగా పాకంలా పట్టించాడు.

నాలుగున్నరకు పాటల పుస్తకాలు సర్దడానికి వసపిట్ట చర్చిలోకి వెళ్ళేసరికి మేస్త్రి అయిదో పూత ముగించి డబ్బా మూత పెడుతున్నాడు. కుర్చీ అద్దంలా మెరుస్తోంది. వసపిట్టకు అయిదు వేళ్ళు గర్వంగా చూపించాడు. ఆ తర్వాత కుర్చీ మీద కూర్చున్నట్టు నటించి, లేవబోయి, లేవలేక, వెనక నుంచి బట్ట పర్రుమని చిరిగినట్టు చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. రేపటి దాకా ముట్టుకోవద్దని అర్థం. అంతా చెప్పేశానన్న తృప్తితో డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

వసపిట్ట పరుగెత్తింది. పెద్ద సిస్టరు వరండా చివర, బిషప్పుగారి కారు కోసం చూస్తూ నిలబడి ఉంది. వసపిట్ట ఆవిడ ముందుకొచ్చి, చర్చి వైపు చూపించి, గాలిలో కూర్చుంది. మొహం చిట్లించింది. లేవబోయి లేవలేకపోయింది. రెండు చేతులతో వెనక పట్టుకుంది.

పెద్ద సిస్టరు జాలిగా చూసి, మరుగుదొడ్ల వైపు వేలు చూపించింది.

వసపిట్ట తల అడ్డంగా ఊపి, కుంచెతో పూసినట్టు చెయ్యి పైకీ కిందకీ ఆడించింది. ఆవిడ దాని రేగిన జుట్టు చూసి, దువ్వెన కావాలేమోననుకుని తలూపింది. వసపిట్ట పలక అందుకోబోయింది. ఆవిడ గబుక్కున పలక వెనక్కి తీసుకుని, చీటీ కూడా మాటేనని గుర్తుచేస్తూ దాని భుజాన ఉన్న పువ్వును మెల్లగా తట్టింది. పాపం, పువ్వు పోగొట్టుకోకమ్మా అని ఆవిడ ప్రేమ. ఇంతలో కారు వచ్చింది.

అయిదు గంటలకు నాలుగువందలమంది మోకాళ్ళ మీద ఉన్నారు. బిషప్పుగారు లోపలికి వచ్చారు. పెద్దమనిషి, వయసులోనూ శరీరంలోనూ. వెల్లవేసిన గోడలాంటి తెల్లటి అంగీ. ఆయన పీఠం ముందు మోకరించే బల్ల మీద వంగారు.

ఆ ప్రార్థన పద్ధతి ఇది. మరియమాతకు భక్తులిచ్చిన బిరుదులు యాభై దాకా ఉన్నాయి. పదో తరగతి పిల్లలు వంతులవారీగా ఒక్కొక్కరు లేచి, తమ చీటీలో ఉన్న బిరుదులు రాగం తీసి పిలుస్తారు. ప్రతి బిరుదుకూ చర్చి మొత్తం "మా కొరకు ప్రార్థించండి" అని బదులు పలుకుతుంది. వందల ఏళ్ళ అలవాటు. కళ్ళు మూసుకుని, తల వంచుకుని, సగం నిద్రలో కూడా తప్పకుండా పలికేస్తారు. బిషప్పుగారి మోకాళ్ళు ఏటా ఇరవయ్యో బిరుదు దాకా ఓపిక పట్టేవి. ఆ తర్వాత లేచి పీఠం మీద కూర్చుని మిగతావి వినేవారు.

ఇరవయ్యోది వసపిట్టది.

అది లేచి నిలబడింది. బిషప్పుగారు బల్ల పట్టుకుని లేవడం కనిపించింది. గొంతెత్తి చెబితే పువ్వు పోతుంది, కిరీటం పోతుంది, అమ్మమ్మకు మళ్ళీ చేపే మిగులుతుంది. ఊరుకుంటే పువ్వు ఉంటుంది. బిషప్పుగారూ ఉంటారు, ఆ కుర్చీలోనే, శాశ్వతంగా. తనకు తెలుసని ఎవరికీ తెలియదు. మేస్త్రి ఇంటికి చేరి ఉంటాడు.

చీటీలో మొదటి బిరుదు చదివింది. "జ్ఞానానికి పీఠమా!"

"మా కొరకు ప్రార్థించండి" అంది చర్చి.

బిషప్పుగారు పీఠం వైపు వీపు తిప్పారు. అంగీ సర్దుకున్నారు. వసపిట్ట నాలుక మీద ఆ "పీఠమా" ఇంకా ఉంది. రాగం గొంతులో ఉంది. అంతే, నోరు దానంతటదే పోయింది.

"రంగు ఆరని పీఠమా!"

"మా కొరకు ప్రార్థించండి."

బిషప్పుగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగుతున్నారు.

"అయిదు పూతలు పూసిన పీఠమా!"

"మా కొరకు ప్రార్థించండి."

పీఠానికీ ఆయనకూ మధ్య జానెడు దూరం.

"అంటుకుంటే వదలని పీఠమాఆఆ!"

"మా కొరకు ప్రార్థించండి!" ఈసారి పిలుపులో ఆర్తి ఉందేమో, జవాబులో భక్తి రెట్టింపైంది. అందరికంటే గట్టిగా పలికింది పెద్ద సిస్టరే.

బిషప్పుగారు ఆ జానెడు దగ్గర ఆగిపోయారు. వంగిన మనిషి వంగినట్టే ఉండి, కనుబొమలు మాత్రం పైకెత్తారు. మెల్లగా ఒక వేలు చాచి పీఠం చేతికి తాకించారు. వేలు వెనక్కి వచ్చింది. దాని వెంట వార్నిషు తీగలా సాగి వచ్చింది. ఆయన ఆ తీగ చివర చూశారు, వేలు చూశారు, తన తెల్లటి అంగీ చూసుకున్నారు. నడుం నిలబెట్టి, చర్చి అదిరేలా ఒక్కరే అన్నారు.

"మా కొరకు ప్రార్థించండి!"

అప్పుడు కళ్ళు తెరిచారు జనం. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వసపిట్ట చీటీలో రెండో బిరుదు మిగిలి ఉంది కదా, పిలిచింది: "మా ఆనందానికి కారణమా!" దానికి జవాబు చెప్పబోయిన నాలుగువందలమందికీ సగం పదాలే వచ్చాయి, మిగతా సగం ముక్కుల్లోంచి పోయింది.

అయిదున్నరకు వరండాలో విచారణ. ఆరు గంట ఇంకా మోగలేదు కాబట్టి మాట్లాడగలిగింది బిషప్పుగారొక్కరే. వేలికి గుడ్డ చుట్టుకుని నిలబడ్డారు. ఆయన బడిపిల్లాడిగా ఉన్నప్పుడు ఎలాంటివాడో ఆ కళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

లీడరు నోటుబుక్కు తెరిచి వసపిట్ట పేరు మీద వేలుపెట్టి చూపించింది. పెద్ద సిస్టరు పలక మీద "మాటా? ప్రార్థనా?" అని రాసి బిషప్పుగారికి చూపించి, ముఖం వేలాడేసింది. ఇరవై రెండేళ్ళుగా ఏ మౌనదినానా ఆవిడ పువ్వు పోలేదు.

"నిజమే, చిక్కే" అన్నారు బిషప్పుగారు. "మాటే అనుకుందాం. దానికి మీరంతా జవాబు చెప్పారే! మాటకు జవాబు కూడా మాటే కదా? అలాగైతే పేర్లన్నీ రాయాలి. నాలుగువందల పైచిలుకు. పెద్ద సిస్టరుగారిది ముందు రాయమ్మా. ఆవిడ గొంతు నాకు బాగా వినపడింది."

లీడరు పెన్సిలు నోటుబుక్కు మీద ఆగిపోయింది. ఆ పిల్ల న్యాయమైన పిల్ల అని చెప్పుకున్నాం కదా. తనూ జవాబు చెప్పిన సంగతి గుర్తొచ్చి చెవుల దాకా ఎర్రబడింది.

"పోనీ, రాసేదానివి నువ్వు, చూసేదానివి నువ్వు. నువ్వే చెప్పు తల్లీ" అన్నారాయన. "ఇది మాటేనంటావా?"

అడిగింది బిషప్పుగారు. పెద్దవాళ్ళు అడిగితే లేచి నిలబడి స్పష్టంగా జవాబు చెప్పాలని లీడరుకు ఒకటో తరగతి నుంచీ నేర్పారు. పదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"మాటేనండి!" అంది స్పష్టంగా.

అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పెద్ద సిస్టరు కళ్ళు మూసుకుంది. బిషప్పుగారి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆట మరీ ముదిరిందని ఆయనకూ తెలిసింది. "అయ్యో, నాతో మాట్లాడినా పోతుందా?" అని అడిగారు. పెద్ద సిస్టరు తలూపింది. నియమంలో "ఎవరు ఏమడిగినా" అని ఉంది. లీడరు ఎవరూ చెప్పకముందే తన చేత్తో తన పువ్వు తీసి, తన పేరు తనే రాసుకుంది. అక్షరం వంకరపోలేదు.

"అయితే నీ వంతు" అని బిషప్పుగారు వసపిట్ట వైపు తిరిగారు. ఒక పిల్లను అడిగి రెండో పిల్లను అడక్కపోవడం అన్యాయం కదా. "ఏమమ్మా, నువ్వు చెప్పు. మాటా? ప్రార్థనా?"

వసపిట్ట నోటిదాకా వచ్చేసింది. ఒకటా రెండా! మేస్త్రి అయిదు వేళ్ళు, మరుగుదొడ్లు, దువ్వెన, జానెడు దూరం, తను ఊరుకుని ఉంటే ఆయన కూర్చుండిపోయేవారని, రాగం తీయడం వల్లే ఆగారని, ఇదంతా అడగనివాళ్ళకు కూడా చెప్పే పిల్ల అది. ఇప్పుడు అడుగుతున్నారు. అందులోనూ బిషప్పుగారు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎవరైనా ఏదైనా అడిగితే అది జవాబు చెప్పకుండా ఉన్న గడియ లేదు.

జడ మొత్తం గుప్పెట పట్టి నోట్లో కుక్కుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ జోడించి, ఆయనకేసి చూస్తూ ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు.

బిషప్పుగారు చాలాసేపు చూసి అన్నారు. "మాట్లాడే పిల్ల కాదమ్మా ఇది. మాట్లాడే పిల్లయితే ఇప్పుడు మాట్లాడేది."

పెద్ద సిస్టరు గబగబా పలక తుడిచి, పెద్ద అక్షరాలతో "ప్రార్థన" అని రాసింది. రాస్తూ తన భుజాన ఉన్న పువ్వును మరో చేత్తో భద్రంగా పట్టుకునే ఉంది.

ఆరు గంట మోగగానే ఏమైందో చెప్పనక్కర్లేదు. వసపిట్ట బడి గేటులో మొదలుపెట్టిన వాక్యం ఇంటి గడపలో ముగిసింది. అమ్మమ్మకు మూడుసార్లు అరిచి చెప్పింది. వీధి వీధంతా ఒక్కసారికే విన్నది. తల్లి నవ్వీ నవ్వీ నోట్లోని గుండుసూదులు అరచేతిలో ఉమ్మేసి, మిషను మీద తల వాల్చింది.

మర్నాడు పండుగ. చర్చి కిటకిటలాడింది. అమ్మమ్మ తెల్లవారకముందే తయారై ముందు వరసలో, సరిగ్గా విగ్రహానికి ఎదురుగా కూర్చుంది. కళ్ళజోడు ఇంటి దగ్గర రెండుసార్లు, దారిలో ఒకసారి, చర్చిలో ఒకసారి తుడిచింది.

ముక్కాలిపీట కదలకుండా పట్టుకునే పని లీడరు అడిగి మరీ తీసుకుంది. వసపిట్ట పక్కకు రాగానే, పెదవి కదపకుండా అంది. "నిన్ను చూస్తుంటే ఒళ్ళు మండుతోంది."

"నాకు తెలుసు. పీట గట్టిగా పట్టుకోవే."

"పట్టుకున్నాలే. పడితే నా పేరు వస్తుంది. ఎక్కు."

వసపిట్ట ఎక్కింది. తెల్లగులాబీల కిరీటం రెండు చేతులా ఎత్తింది. పాట ఆగింది, వాయిద్యం ఆగింది. ఆ ఘడియలో చర్చిలో ఎవరూ ఊపిరి కూడా పీల్చరు. అది కూడా ఆనవాయితీయే. కిరీటం మరియమాత తల మీద ఆనింది.

"ఒరిగిందే పిట్టా!"

గోడలు మారుమోగాయి. తన గొంతు ఎంత పెద్దదో తెలియని మనిషి కదా అమ్మమ్మ. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఎడమకి జరుపు! మరియమాత ఎడమ కాదు, మన ఎడమ!"

తల్లి అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్ద సిస్టరు నేల వైపు చూసింది. వసపిట్ట పీట మీద నుంచే వెనక్కి తిరిగి, పదమూడేళ్ళ అలవాటు కొద్దీ అంతకంటే గట్టిగా అరిచింది.

"అటు జరిపితే పడిపోతుంది అమ్మమ్మా!"

"ఆఁ?"

"పడీ! పోతుందీ!"

అమ్మమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని, మెడ ఇటు వంచి అటు వంచి, కిరీటాన్నీ దాన్ని పట్టుకున్న చేతుల్నీ, ఆ చేతుల పిల్లనూ తీరిగ్గా చూసింది. చర్చి మొత్తం ఆవిడ తీర్పు కోసం ఎదురు చూసింది, బిషప్పుగారితో సహా.

"అయితే అలాగే ఉండనీ" అంది చివరికి. "నాకు బాగానే కనపడుతోంది."